మంచి వాక్యాల నోటుబుక్కు

నేను ఇంతకు ముందు రాయలేకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. రెండోది, అక్షరాలు వచ్చాక నా చేత్తో రాసిన మొట్టమొదటి ఉత్తరం అబద్ధం.

మొదటిది చెప్పుకోవడం సులువు. మా ఊళ్ళో బడి పెట్టినప్పుడు నా చంకలో తమ్ముడుండేవాడు. ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని బడికి రావద్దన్నాడు అయ్యవారు. తమ్ముడు చంక దిగేసరికి చెల్లెలు ఎక్కింది. చెల్లెలు దిగేసరికి నేను చెనిక్కాయలు పీకే కూలికి పోతున్నాను. అందులో ఎవరి తప్పూ లేదు.

రెండోది చెప్పాలంటే అక్క గురించి చెప్పాలి. సొంత అక్క కాదు. నాది కడప జిల్లా, ఆమెది గోదావరి పక్క. ఒమాన్‌లో, సీబ్‌లో ఒక పెద్ద అరబ్బు కుటుంబం ఇంట్లో ఇద్దరం తొమ్మిదేళ్ళు కలిసి పనిచేశాం. ఆమెది వంట. నాది తుడవడం, ఉతకడం, ఇస్త్రీ. వంటింటి వెనక ఒక గది, రెండు మంచాలు. ఎవరు పిలిచినా అక్క "ఆయ్" అని పలికేది. మేడం పిలిచినా ఆయ్, ఫోన్ ఎత్తినా ఆయ్. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఇంటి పిల్లలు కూడా వాళ్ళమ్మ పిలిస్తే "ఆయ్" అనడం మొదలుపెట్టారు. వాళ్ళమ్మకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది.

అక్క పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. ఊళ్ళో ఆరేళ్ళ కూతుర్ని తన తల్లి దగ్గర వదిలిపెట్టి వచ్చింది. రెండు వారాలకొకసారి ఆ పిల్లకు ఉత్తరం రాసేది. పోస్టులో వేసే ఉత్తరం కాదు. కాగితం మీద గుండ్రంగా రాసి, ఫోన్‌తో ఫొటో తీసి పంపేది. పంపే ముందు నాకు చదివి వినిపించేది.

"ఫోన్ చేతిలోనే ఉంటే ఈ రాతలేందక్కా? మాట్లాడరాదా?" అని ఒకసారి అడిగాను.

"గొంతు దొరికిపోద్దే. జొరమొచ్చినా దొరికిపోద్ది, ఏడ్చినా దొరికిపోద్ది. కాగితం మీద అక్షరం ఎప్పుడూ గుండ్రంగానే ఉంటాది."

"సరే, అట్లయితే అన్నిట్లో ఒకటే రాస్తావెందుకు? మొన్న చదివిందే మళ్ళా చదివినావు."

"ఒకటే రాయాలే పిచ్చిమొకమా! ఒక్క మాట మారిందనుకో, ఏదో అయిపోయిందని గాభరా పడిపోతారక్కడ."

ఆ ఉత్తరం నాకు పాటలా నోటికొచ్చేసింది. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. మేడం మంచిది. పని తక్కువ. వేళకు తింటున్నాను. నువ్వు బాగా చదువుకో. దేవుని దయ వలన త్వరలో కలుస్తాం. ఇంతే. పని తక్కువ అని రాసిన రోజున ముప్పై మంది చుట్టాలకు వండి, కాళ్ళు వాచి, బకెట్టులో నీళ్ళు పోసుకుని కాళ్ళు అందులో పెట్టుకుని రాసింది.

నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ఖర్జూరం పెట్టెల అట్టలు చించి, ఒక్కో ముక్క మీద నాలుగేసి అక్షరాలు రాసి, నేను ఇస్త్రీ చేసే బల్లకు ఎదురుగా గోడకు అంటించేది. ఆ ఇంటి మగవాళ్ళ తెల్లటి పొడుగు అంగీలు రోజుకు పది, పన్నెండు ఉండేవి. చివరి అంగీ మడత పెట్టేలోపు ఆ నాలుగూ రాసి చూపించాలి.

"ఏంటే ఇది? కకారమా, కూర్చున్న ఒంటా?"

"ఒంటే. నీ మాదిరి మూతి ముడుచుకోని కూర్చుండాది" అనేదాన్ని.

ఒంటె నిలబడి కకారం అయ్యేసరికి ఏడాది పట్టింది. అక్షరాలు, గుణింతాలు అయ్యాక అక్క నాకు వాక్యాలు ఇచ్చింది. ఏ వాక్యాలు? ఆమె ఉత్తరంలోవే. "ముందు ఇవి కుదురుగా నేర్చుకో. ఇవి వస్తే ఏ దేశంలోనైనా బతికెయ్యొచ్చు" అంది. అట్ట మీద మొదటి వాక్యం: ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. అది తప్పు లేకుండా రాసిన రోజు ఇద్దరం ఒక డబ్బా పాయసం చేసుకుని తిన్నాం.

తర్వాత ఆ ఇంట్లో ముసలావిడ పోయింది, కొడుకులు వేరుపడ్డారు, ఇద్దరు పనివాళ్ళ అవసరం లేకపోయింది. అక్క అక్కడే ఉండిపోయింది. నేను బౌషర్‌లో ఒక చైనా కుటుంబం ఇంటికి మారాను. సార్ రుస్తాఖ్ దగ్గర సైట్‌లో ఇంజనీరు. గురువారం సాయంత్రం వచ్చి శనివారం పోతాడు. ఇంట్లో మేడం, పదిహేడేళ్ళ కూతురు. నెమ్మదైన మనుషులు. పిల్ల నన్ను ఆంటీ అని పిలుస్తుంది.

నేను ఆ ఇంటికి వచ్చిన మరుసటి ఏడు అక్కకు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాస్ అంది. నెలల తరబడి గ్యాస్ అనే అంది. చివరికి బౌషర్ ఆసుపత్రిలో చేర్చారు. మా ఇంటికి దగ్గరే కాబట్టి సాయంత్రం పని కాగానే మేడంకు చెప్పి వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం అక్క కుడి చేతికి సూది పెట్టి ఉంది, చెయ్యి వాచింది.

"పిల్లకి ఉత్తరం టైమయిపోయింది. నువ్వు రాయవే" అంది.

"నిజం రాస్తానక్కా. ఆ పిల్ల ఫోన్ చేస్తుంది, మాట్లాడుదువు."

"ఈ గొంతుతోనా? నువ్వు రాయి. నేను చెప్తాను."

చెప్పక్కర్లేదు. నాకు వచ్చు. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. మేడం మంచిది. పని తక్కువ అని నేను పైకి చదువుతూ రాస్తుంటే అక్క పైకప్పు వైపు చూసి నవ్వింది. "ఇదొక్కటీ నిజమేలే. మంచం మీద పనేముంటాది" అంది. కాగితం ఆమెకు చూపించాను. "తప్పుల్లేవే. ఒంటెలు లేచి నిలబడ్డాయి" అని మెచ్చుకుంది. ఆమె ఫోన్‌తోనే ఫొటో తీసి పంపాను. ఆ తర్వాత నాలుగో రోజున పోయింది.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏడాది గడిచింది. గడిచిన వారం అక్క కూతురి నుంచి ఫోన్‌లో, గొంతుతో చెప్పి పెట్టిన మెసేజీ ఒకటి వచ్చింది. ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై రెండేళ్ళు.

"పిన్నిగారూ, వచ్చే ఆదివారం పొద్దున్న అమ్మ జ్ఞాపకార్థ కూడికండి. అమ్మ గురించి రాసి పంపుతారా? నేనే నిలబడి చదువుతాను. ఫోన్‌లో చెప్పకండి, రాయండి. నా దగ్గర అమ్మ ఉత్తరాలు బోలెడున్నాయి. అన్నీ ఒకటే ఉత్తరమండి. అక్కడ అమ్మ ఎలా ఉండేదో నాకు తెలీదు. మీకొక్కరికే తెలుసు." మళ్ళీ అంది, "ఇంకోటండి. ఆఖరి ఉత్తరంలో రాత అమ్మది కాదు. అది మీరేనా?"

మూడు రోజులు ఆలోచించాను. శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని ఒక పేజీ రాశాను. మీ అమ్మ చాలా మంచి మనిషి. కష్టజీవి. అందరితో కలిసిమెలిసి ఉండేది. నీ కోసమే బతికింది. ఆమె లేని లోటు తీరనిది. ఆమె ఆత్మకు శాంతి కలగాలి. వీటిలో కొన్ని చర్చిలో విన్నవి, కొన్ని పేపర్లో శ్రద్ధాంజలి ఫొటోల కింద చదివినవి. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. ఆఖరి ఉత్తరం గురించి ఏమీ రాయలేదు. ఫొటో తీసి పంపి, మంచి పని చేశాననే అనుకున్నాను.

మరుసటి రోజు శనివారం. ఈ ఇంట్లో శనివారం మధ్యాహ్నం సార్ పైన నిద్రపోతుంటే కింద మేమందరం బల్ల చుట్టూ కూర్చుని డంప్లింగ్‌లు చేస్తాం. పిండిని చిన్న అప్పడాల్లా ఒత్తి, లోపల మాంసం, క్యాబేజీ పెట్టి మూసేస్తాం. వాటిని గడ్డకట్టించి సార్ సైట్‌కు పట్టుకెళ్తాడు, వారమంతా తింటాడు. నేను చేసినవి వేరే పళ్ళెంలో పెడతారు. నా చెయ్యి కజ్జికాయలకు అలవాటు పడింది, అంచు జడలా వచ్చేస్తుంది. "ఆంటీవి ఇండియా పాస్‌పోర్టువి" అని పిల్ల నవ్వుతుంది. మా మధ్య నడిచేది ముక్కల ఇంగ్లీషు, మిగతాది చేతులు. దాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ శనివారం పిల్ల నవ్వలేదు. పైచదువుకు దరఖాస్తు పెడుతోంది. కాలేజీవాళ్ళు ఇంగ్లీషులో ఒక వ్యాసం అడిగారు, తన జీవితంలో ముఖ్యమైన మనిషి గురించి. ఈ పిల్ల వాళ్ళ అమ్మమ్మ గురించి రాసింది. ఆమె చైనాలో రెండేళ్ళ కిందట పోయింది. ట్యూషన్ టీచరు ఆ వ్యాసాన్ని దిద్ది పంపింది. పిల్ల ఆ కాగితాలు తెచ్చి పిండి మీదే పడేసింది. పేజీ నిండా ఎర్ర గీతలు.

మేడం చేతులు తుడుచుకుని చదివింది. "ఇంగ్లీషులో తప్పు ఒక్కటీ లేదు. ఎందుకు గీసింది?"

"అదే రాసింది, కింద చూడు. 'తప్పు ఒక్కటీ లేదు. మీ అమ్మమ్మ కూడా లేదు.'"

ఏమిటని నేను అడిగితే పిల్ల ఆ ఎర్ర గీతల వాక్యాలు ఒక్కొక్కటే చదివి, నాకర్థమయ్యే మాటల్లో చెప్పింది. సమాజం శరవేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ కాలంలో. అందరికీ తెలిసినట్టుగానే. మా అమ్మమ్మ సామాన్య స్త్రీ అయినా గొప్ప వ్యక్తి. ఆమె నాకు నిస్వార్థమైన ప్రేమను పంచింది. ఈ సంఘటన నుంచి నేనొక లోతైన సత్యాన్ని తెలుసుకున్నాను. ఆ చివరి దాని పక్కన టీచరు "ఏ సంఘటన?" అని రాసింది. నిజమే, వ్యాసంలో ఏ సంఘటనా లేదు. గొప్ప వ్యక్తి పక్కన "ఎలా?" అని రాసింది.

మేడం లోపలికి వెళ్ళి ఒక నోటుబుక్కు తెచ్చింది. ప్లాస్టిక్ అట్ట పచ్చబడిపోయి, అంచులకు టేపు వేసి ఉంది. లోపల నీలం ఇంకుతో, అచ్చు వేసినట్టున్న అక్షరాలు. ఆ వాక్యాలన్నీ అందులోవేనని నాకప్పుడు తెలిసింది. ఆమె చదువుకునేటప్పుడు కూడబెట్టుకున్నవి.

"మా టీచరు రోజుకు ఐదు మంచి వాక్యాలు రాయించేది" అంది మేడం, పిల్లతో కాదు, నాతో. "మర్నాడు చూడకుండా అప్పజెప్పాలి. మా ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. నేను సొంతంగా రాస్తే తప్పులు. ఇవి రాస్తే తప్పు రాదు. పేపరు దిద్దేవాళ్ళకు ఒక్కో పేపరుకు ఒక్క నిమిషం. తప్పు కనిపించకూడదు. మా తరగతి నుంచి ముగ్గురం కాలేజీకి వెళ్ళాం. ముగ్గురి దగ్గరా ఇలాంటి పుస్తకమే."

"మరి నువ్వు రాసిన వ్యాసంలో ఎవరున్నారు?" అంది పిల్ల.

"ఎవరూ లేరు. పాసయ్యాను."

అది కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకున్న తీరు చూస్తే నాకు ఖర్జూరం పెట్టె అట్టలు గుర్తొచ్చాయి. నేనూ వాటిని పారేయలేదు. మంచం కింద పెట్టెలో ఉన్నాయి.

పిల్ల ఒక పిండి ముద్ద తీసుకుని నలిపింది. తర్వాత, "నాకు నిజంగా గుర్తున్నది రాస్తే నవ్వుతారు" అంది.

"ఏం గుర్తుంది?"

"చెవి. అమ్మమ్మకు వీడియో కాల్ అర్థం కాలేదు కదా. ఫోన్ రాగానే చెవికి ఆనించుకునేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. మూడేళ్ళు నేను ఆమె చెవితోనే మాట్లాడాను. నాకు ఆమె ముఖం కంటే చెవే బాగా తెలుసు. కింద తమ్మె చీలిపోయి ఉంటుంది."

మేడం చేతిలోని డంప్లింగ్ మూయకుండా అలాగే ఉండిపోయింది. "కుడి చెవి" అంది.

"అవును."

"అది నేనే. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె పోగు పట్టుకుని లాగేశానట. మళ్ళీ ఎప్పుడూ పోగులు పెట్టుకోలేదు."

ఆ సంగతి పిల్లకు తెలియదు. "అమ్మా, అది రాయనా?"

"రాయి. ఇంగ్లీషులో ఎలా రాయాలో నన్ను అడగొద్దు. నా పుస్తకంలో ఆ వాక్యం లేదు" అంది మేడం. ముఖం తిప్పుకుని స్టవ్ దగ్గరికి పోయింది. అక్కడ ఆర్పడానికి ఏమీ లేదు.

అప్పుడే నా ఫోన్ మోగింది. అక్క కూతురు. అక్షరాలతో రాసిన మెసేజీ. నేను కూడబలుక్కుని చదివాను. "పిన్నిగారూ, మీ ఉత్తరం అందిందండి. ఏమీ అనుకోకండి. ఈ మాటలు రేపు పాస్టరు గారు కూడా చెప్తారు. ఆయన మా అమ్మను ఎప్పుడూ చూళ్ళేదు."

నా ముఖం ఎలా అయిందో, పిల్ల "ఏమైంది ఆంటీ?" అని అడిగింది. అక్క పోయినప్పుడు నాకు రెండు రోజులు సెలవిచ్చిన ఇల్లు ఇది. చెప్పాను. ఏం రాశానో కూడా, మంచి మనిషి, కష్టజీవి అని, నా ఇంగ్లీషులో చెప్పాను.

పిల్ల తల్లిని చూసింది, నన్ను చూసింది. "ఆంటీ, మీ దగ్గర కూడా ఆ పుస్తకం ఉందా?"

"ఉంది. అట్టలు" అన్నాను.

మేడం నవ్వింది, కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. అప్పుడు ఆసుపత్రి ఉత్తరం సంగతి, ఆ రాత నాదేనా అని అక్క కూతురు అడిగిన సంగతి కూడా నోట్లోంచి వచ్చేసింది. అంతవరకు ఎవరికీ చెప్పనిది, భాష సరిగా రాని చోట చెప్పాను.

"ఆమె రాయమంది, నువ్వు రాశావు. నీ తప్పు కాదు" అంది మేడం.

"కానీ ఆమె కూతురు అడిగింది కదా" అంది పిల్ల. "మీరేనా అని అడిగింది. మీరు జవాబు చెప్పలేదు."

సాయంత్రం సార్‌కు డబ్బాలు సర్ది కారులో పెట్టాక, బాల్కనీలో బట్టలు తీస్తూ ఆలోచించాను. మంచి వాక్యాలు తిట్టదగ్గవేమీ కాదు. మేడంను ఆమె ఊరి నుంచి దాటించాయి. అక్కను పదిహేనేళ్ళు కాపాడాయి. కూతుర్ని గాభరా పడనివ్వలేదు. కానీ ఆ నాలుగు రోజులు? నేను నిజం రాసి ఉంటే ఆ పిల్ల ఫోన్ చేసేది. గొంతు దొరికిపోయేది. దొరికిపోతే ఏం? ఆ పిల్లకు తల్లి గొంతు నాలుగు రోజులు దొరికేది. అక్క అడిగినట్టే నేను తప్పుల్లేకుండా రాశాను, ఆ నాలుగు రోజులు ఆ పిల్లకు లేకుండా చేశాను. ఇది తెలిస్తే ఆ పిల్ల ఇక నన్ను పిన్నిగారూ అని పిలవకపోవచ్చు. శుక్రవారం పేజీలో నేను దాచుకున్నది అక్కను కాదు, నన్నే.

కూడిక ఆదివారం పొద్దున పదకొండుకు. అంటే మాకు తొమ్మిదిన్నర.

మర్నాడు ఐదింటికి లేచాను. ఇంట్లో ఎవరూ లేవలేదు. ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి నిలబడే రాశాను. నాకు నిలబడితేనే అక్షరాలు వస్తాయి, అలా నేర్చుకున్నాను కదా. మొదటి వాక్యం: ఆ చివరి ఉత్తరం రాసింది నేను, అప్పటికి మీ అమ్మ బాగాలేదు. ఆమె చెప్పింది, నేను రాశాను, నీకు చెప్పి ఉండాల్సింది. తర్వాత పని తక్కువ అన్నప్పుడు ఆమె నవ్విన సంగతి రాశాను. బకెట్టులో కాళ్ళు పెట్టుకుని ఉత్తరం రాసిన సంగతి, ఒంటెల సంగతి, పాయసం సంగతి రాశాను. కోపం వస్తే వంటింటి తలుపు వేసుకుని గిన్నెలన్నీ కడిగినవే మళ్ళీ కడిగేదని రాశాను. కూడికలో చదవడానికి పనికిరావేమో అనుకుంటూనే రాశాను. సీబ్‌లో ఆ ఇంటి పెద్దపిల్లవాడికి మీసాలొచ్చాయి, వాళ్ళమ్మ పిలిస్తే వాడు ఇప్పటికీ "ఆయ్" అంటాడు, అది మీ అమ్మదే అని రాశాను. ఏడు చోట్ల కొట్టివేశాను. నాకు రాని మాటలు రెండు మూడు నోటితో ఎలా అంటానో అలాగే పెట్టాను. మంచి కాపీ రాయలేదు. రాస్తే మళ్ళీ ఆ అట్టల మాటలు వస్తాయని భయం.

ఫొటో తీసి పంపాను. ఫోన్ బల్ల చివర, కనిపించేలా పెట్టుకుని, ఇస్త్రీ పెట్టె వేడెక్కనిచ్చి, చైనా పిల్ల స్కూలు చొక్కా తీసుకున్నాను. కాలరు అయింది. ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యి పరుస్తుండగా ఫోన్ మోగింది. మెసేజీ కాదు, కాల్. ఇస్త్రీ పెట్టె పక్కకు నిలబెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని, "ఆయ్" అన్నాను.